వ్రాతకూలి – నాడును నేడును

వ్రాతపని లోకమునందలి ప్రాచీనవృత్తులలో నొకటి. పొలము దున్నువానికిని, మగ్గము నేయువానికిని, పడవ నడపువానికిని కూలి యెట్లు ధర్మమో వ్రాయువానికిని అట్లే ధర్మము. వ్రాయించుకొన్నవాడు కూలి యిచ్చుటయు, వ్రాసినవాడు పుచ్చుకొనుటయు లోకమర్యాద. ఈ మర్యాద తలక్రిందై, పని యిత్తుమన్నవాడే పనివానియొద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొను కాలము వచ్చినది. "ఇంటివద్ద గూర్చుండి వ్రాయుడు, దినమునకు వేలు గడింపుడు" అను ప్రకటనలు విశాఖపట్టణమున ఓడరేవు కాలనీలలోను, గాజువాక, మధురవాడ వీథులలోను చదువుకొన్న ప్రతి పడుచువాని ఫోనునకును వచ్చి చేరుచున్నవి. వీనిలో నేవి నిజమైన పనులు, ఏవి వలలు అని విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఉపాధ్యాయులమగు మమ్ము పలుమారు అడుగుచున్నారు. ఈ ప్రశ్న క్రొత్తదివలె కనబడునుగాని దీని వేళ్లు పాతవి. కావున చరిత్రను దడవి యుత్తరము చెప్ప బ్రయత్నించెదము.

తూర్పుచాళుక్యుల తామ్రశాసనములను జూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. దానమెవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, ఎల్లలెవ్వి యని చెప్పిన పిమ్మట, రచించిన కవిపేరును, రేకుపై నక్షరములు చెక్కినవాని పేరును తుదను తరచుగా కానవచ్చును. సింహాచలమున వరాహనరసింహస్వామి యాలయపు గోడలమీదను, స్తంభములమీదను వందలకొలది శాసనములు గలవు. అవి యన్నియు నలుగురు తిరుగుచోట నలుగురు చదువుటకై చెక్కినవి. వ్రాయించినవాడెవడో తెలియును, వ్రాతయొక్క ప్రయోజనమేమో తెలియును, దానిని చదువువారెవరో తెలియును. ఈ మూడును వెలుగులో నున్నచోట వంచనకు చోటు తక్కువ. చోటు లేనేలేదని మేమనము. కూటశాసనములును పుట్టినవి. కాని లిపి యొక కాలమునది, చెప్పిన సంవత్సరము వేరొక కాలమునది యగుటచే పరిశోధకులు వానిని పట్టగలిగిరి. దొంగవ్రాత యెక్కడనో యొకచోట తనతో తానే విరోధించును. ఈ సూత్రమును చదువరులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

1682లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. కంపెనీ దొరతనమున అట్టడుగు మెట్టు 'రైటరు' పదవి. పేరునకు తగినట్లు ఆ పడుచుదొరల పని జాబులకు నకళ్లు తీయుట, చిట్టాలు వ్రాయుట, లండనునకు పంపవలసిన కాగితములను సిద్ధపరచుట. జీతము స్వల్పమే. అయినను ఈ దేశమున సొంతవ్యాపారముచేతను, పై పదవులచేతను ధనవంతులు కావచ్చునను నాశతో ఇంగ్లండునందలి కుటుంబములు ఆ పదవికై ఎగబడెను. నియామకాధికారము డైరెక్టర్ల చేతులలో నుండెను. దానిని విక్రయించుట నిషిద్ధము. నిషిద్ధమైనను విక్రయము జరిగెను. రైటరు పదవి యిప్పింతుమని దళారులు బయలుదేరిరి. వార్తాపత్రికలలో ప్రకటనలు వెలువడెను. ఒక్కొక్క పదవికి వేలకొలది పౌనులు చేతులు మారెను. 1809లో బ్రిటిషు పార్లమెంటువారు విచారణసంఘము నేర్పరచి ఈ గుట్టు బయటపెట్టిరి. కంపెనీ వ్యవహారములపై అధికారము నెరపిన కాసిల్‌రే ప్రభువంతటివాడు ఒక రైటరు పదవిని పార్లమెంటు సీటునకు మారుగా నొసగ నుద్యమించెనని సభలో చర్చ జరిగెను. ఆ సంవత్సరమే ఉద్యోగవిక్రయమును నిషేధించుచు చట్టము చేయబడెను. అయినను సిఫారసులు పోయి పరీక్షలు వచ్చుటకు 1853 నాటి చార్టరు చట్టముదాక వేచియుండవలసివచ్చెను.

ఈ వృత్తాంతమువలన రెండు సంగతులు తేటపడుచున్నవి. కొలువులు తక్కువయు ఆశ యెక్కువయు నైనచోట దళారి పుట్టును. అది జాతిదోషము కాదు, దేశదోషము కాదు. రెండవది, ప్రకటన ఎంత పెద్దయక్షరములలో నున్నను అది ప్రమాణము కాదు. అయితే నాటి దళారికిని నేటివానికిని ఒక భేదము గలదు. నాడు సొమ్మిచ్చినవానికి, అక్రమముగానే యగుగాక, నిజముగా నొక కొలువు దొరికెను. నేడు సొమ్మిచ్చినవానికి కొలువే లేదు. సొమ్మిచ్చుటయే యతడు చేసిన పని.

సత్సంప్రదాయమును మన దేశముననే లేకపోలేదు. కర్నలు కాలిన్ మెకంజీ కడ కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు పనిచేసి దక్షిణదేశపు కైఫీయతులను, శాసనప్రతులను సేకరింపగలిగిరి. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన సొంతధనముతో పండితులకును, వ్రాయసకాండ్రకును జీతములిచ్చి, తాళపత్రప్రతులు తెప్పించి, పాఠభేదములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఇందులకై అతడు అప్పులపాలును అయ్యెను. ఇక్కడ సొమ్ము ఏ దిక్కునుండి ఏ దిక్కునకు ప్రవహించినదో చూడుడు. వ్రాయించువాని సంచినుండి వ్రాయువాని చేతికి. ఆ ప్రతులను చదువువారును ఉండిరి. ఆ వ్రాత వృథాపోలేదు. టైపు, షార్ట్‌హ్యాండు నేర్పు సంస్థలు మన పట్టణములలో వెలసినప్పుడు విద్యార్థులు నెలనెల రుసుము చెల్లించిరిగదా యని యెవరైన నడుగవచ్చును. అది విద్యకు మూల్యము, కొలువునకు కాదు. నేర్చిన విద్య చేతిలో మిగులును. పరీక్ష ప్రభుత్వమువారు జరుపుదురు. విద్యకు రుసుము వేరు, పనికి రుసుము వేరు. ఈ రెంటిని కలిపివేయుటయందే వంచకుని నేర్పు అంతయు నున్నది.

ఇంటివద్ద వ్రాతపని యను నెర యంతర్జాలముతో పుట్టినది కాదు. 1930 ప్రాంతమున అమెరికాదేశమున గొప్ప ఆర్థికమాంద్యము వచ్చి లక్షలకొలది జనులు పనిలేక యున్నకాలమున, ఇంటివద్ద కవర్లపై చిరునామాలు వ్రాసి, కాగితములు కూర్చి పంపినచో డబ్బు గడింపవచ్చునను ప్రకటనలు విరివిగా వ్యాపించెను. వివరములకై కొంత రుసుము పంపినవానికి వచ్చునది పని కాదు. తానును అట్టి ప్రకటనయే వేసి ఇతరులను పట్టుమను నుపదేశము. మన దేశమున 2010–11లో స్పీక్ ఏషియా యను సంస్థ యిదే విద్యను పెద్దయెత్తున ప్రయోగించెను. పదునొకండువేల రూపాయలు చందా కట్టి, వారమునకు రెండు ప్రశ్నావళులు ఇంటివద్ద నింపినచో వారమునకు వేయి రూపాయలిత్తుమని వాగ్దానము. క్రొత్తవారిని చేర్పించినచో అదనపు లాభము. లక్షలాది జనులు చేరిరి. టెలివిజనులో ప్రకటనలు మ్రోగెను. 2011 మే నెలలో ఆ కట్టడము కూలెను. ఎవరి వస్తువులను గూర్చి ఆ ప్రశ్నలు, ఎవరి కా యుత్తరములు అని తొలినాడే యడిగియున్నచో చందా కట్టువారు తగ్గియుందురు. 2017 ఫిబ్రవరిలో నోయిడాయందు బయటపడిన సోషల్ ట్రేడ్ వ్యవహారమున పని మరింత తేలిక. తెరమీద నొక్క నొక్కునకు అయిదు రూపాయలు. మూడువేల ఏడువందల కోట్ల రూపాయల మోసమని పోలీసులు చెప్పిరి. ముందు చేరినవారికి వెనుక చేరినవారి సొమ్మే కూలిగా పోవుచుండెను; కూలి యను పేరు మాత్రమే దానికున్నది.

ఇటీవల మధ్యతరగతి కుటుంబములను వేధించుచున్న మరియొక పద్ధతి గలదు. దీనిని కొంచెము వివరింపవలసియున్నది. స్కాను చేసిన పుటలను చూచి టైపు చేయుటయో, ఫారములు నింపుటయో పని. మొదట నమోదు రుసుమని కొంత పుచ్చుకొందురు, లేదా ఏమియు పుచ్చుకొనక పెద్దమనసు చూపుదురు. ఒక ఒడంబడిక పంపి సంతకము చేయింతురు. వారము దినములలో వందలకొలది ఫారములు నూటికి తొంబది కంటె నెక్కుడు శుద్ధితో పూర్తిచేయవలెనని అందు షరతు. గృహిణియో, కాలేజి విద్యార్థియో నిద్ర మాని టైపు చేయును. గడువునాడు ఫలితము వచ్చును: తప్పులు మితిమీరినవి, షరతు భంగమైనది, కావున నష్టపరిహారము చెల్లింపుము. పిమ్మట వకీలు పేర నోటీసు, కోర్టు పేర కాగితము, పోలీసు పేర ఫోను. భయపడి అయిదువేలు, పదివేలు పంపినవాడు మరల మరల పంపవలసివచ్చును. ఆ టైపు చేసిన పుటలను చదివినవాడెవడు? ఎవడును లేడు. తప్పులు వెదకుటకు తప్ప వేరెందులకును ఎవరికిని అక్కరలేని వ్రాత యది. అచ్చుపుటలను యంత్రమే చదివి యక్షరములుగా మార్చు ఈ కాలమున, పుటకు వందలిచ్చి మనుష్యునిచేత నకలు తీయించువాడు ఏమి లాభము పొందునని ప్రశ్నించుకొన్నచో కొంత ముసుగు తొలగును.

వీనినన్నిటిని మించిన ఘోరము మన పట్టణమునే తాకినది. 2024 మే నెలలో విశాఖపట్టణ నగర పోలీసువారు ఒక మనుష్యవిక్రయపు ముఠాను పట్టుకొనిరి. సింగపూరు మొదలగు దేశములలో డేటా ఎంట్రీ, అనగా కంప్యూటరుపై వివరములు వ్రాయు కొలువు ఇప్పింతుమని మనిషికి సుమారు లక్షన్నర రూపాయలు పుచ్చుకొని, మన యువకులను బాంకాకు మీదుగా కంబోడియాకు పంపుచుండిరి. అచ్చట పాసుపోర్టులు లాగికొని, గదులలో నుంచి, మన దేశస్థులనే ఫోనులమీద మోసగించు పనిలో పెట్టిరి. కాదన్నవారికి తిండి లేదు, దెబ్బలు గలవు. విశాఖ ప్రాంతమునుండియే సుమారు నూటయేబదిమంది చిక్కిరని పోలీసు లంచనా వేసిరి. మే 20న సిహనూక్‌విల్ నగరమున మూడువందలమంది వరకు భారతీయులు తిరుగబడిన పిమ్మట భారత రాయబార కార్యాలయమువారు జోక్యము చేసికొనగా కొందరు ఇల్లు చేరగలిగిరి.

ఈ వార్త విన్నప్పుడు చరిత్ర తెలిసినవారికి రంగూను స్మరణకు రాకమానదు. పంతొమ్మిదవ శతాబ్దముననుండి విశాఖపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ రేవులనుండి పొగయోడలమీద వేలకొలది తెలుగువారు బర్మాకు కూలికై పోయిరి. మేస్త్రి ముందుగా బయానా యిచ్చి, ఆ యప్పు తీరువరకు కూలివానిని కట్టివేసెడివాడు. రంగూను ఓడరేవున బరువులు మోసిన తెలుగు కూలీలు 1930 మే నెల యల్లరులలో ప్రాణములు కోల్పోయిరి. నాడు మేస్త్రి బయానా యిచ్చి మనుష్యుని కట్టెను. నేడు ఏజెంటు బయానా పుచ్చుకొని కట్టుచున్నాడు. నిరక్షరాస్యుడగు కూలివాడు అప్పుపడి పోయెను. పట్టభద్రుడు తల్లి నగలు తాకట్టుపెట్టి తానే యెదురిచ్చి పోయెను. విద్యవలన మనకు కలిగిన వివేక మింతేనా యని సిగ్గుపడవలసిన మాట. అయినను సిగ్గు పోయినవారిది కాదు, పోవునట్లు చేసిన పరిస్థితులది. ఉక్కు కర్మాగారమునకు భూములిచ్చిన కుటుంబములలో ఆర్-కార్డు చేతబట్టుకొని ఉద్యోగమునకై యేండ్లతరబడి యెదురుచూచినవా రనేకులు. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము కర్మాగారమునందలి తన వాటాల నన్నిటిని విక్రయింప సూత్రప్రాయముగా నిశ్చయించిన పిమ్మట ఆ యాశ మరింత సన్నగిల్లెను. ఆకలిగొన్నవానికి ఎర కనబడినట్లు గాలము కనబడదు.

ఇక సత్యాసత్యనిర్ణయము. మన నైయాయికులు ప్రమాణములు నాలుగని చెప్పిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. వ్రాతపని యిత్తుమను వెబ్‌సైటు నెదుట నిలిచినప్పుడు ఈ నాలుగును చాలును.

ప్రత్యక్షమనగా కంటికి కనబడునది. పని యిచ్చువాని నిజమైన పేరు, చిరునామా కనబడుచున్నవా? కంపెనీల రిజిస్టరులో ఆ పేరు గలదా? అయితే రిజిస్టరులో నుండుట నిజాయితీకి గురుతు కాదు. పైన చెప్పిన నోయిడా సంస్థయు నమోదైనదే. లేకుండుట మాత్రము దోషమునకు గురుతు. మొదట రెండు మూడు వందలు చేతికి వచ్చినవనుటయు చాలిన ప్రత్యక్షము కాదు. చిన్న పనులకు కొంత సొమ్ము నిజముగానే యిచ్చి, నమ్మిక కుదిరిన పిదప పెద్ద మొత్తము డిపాజిటు కట్టుమనుట నేటి వాడుక. ఇట్టి వేషములతో నడచుచుండిన నూరింటికి పైగా వెబ్‌సైటులను 2023 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మూసివేసెను.

అనుమానమనగా కారణమునుబట్టి కార్యమును, కార్యమునుబట్టి కారణమును ఊహించుట. ఈ వ్రాతకు చదువరి యెవడు? వాని కిందువలన లాభమేమి? ఆ లాభమునుండి నాకీ కూలి రాగలదా? ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము లేనిచో, సొమ్ము వేరొక తలుపునుండి వచ్చుచున్నదని తెలిసికొనవలెను. ఆ తలుపు సాధారణముగా మనదే.

ఉపమానమనగా తెలిసినదానితో పోల్చుట. నిజమైన పనుల నమూనా లోకమున గలదు. ఎలాన్స్, ఓడెస్క్ అను రెండు సంస్థలు కలిసి 2015లో అప్‌వర్క్ అను పేరు దాల్చినవి. అట్టిచోట్ల వ్రాయించుకొనువాడు ముందుగా మధ్యస్థునియొద్ద సొమ్ముంచును. పని ముగిసిన పిదప మధ్యస్థుడు తన భాగము మినహాయించుకొని మిగిలినది వ్రాసినవాని కిచ్చును. పనికై దరఖాస్తు పెట్టుకొనుటకు అక్కడను కొంత స్వల్పవ్యయము కలుగవచ్చును. కాని సంపాదించిన కూలి విడుదలచేయుటకు డిపాజిటు కట్టుమని న్యాయమైన యే సంస్థయు అడుగదు. అచ్చటను పోటీ మెండు, క్రొత్తవానికి కూలి తక్కువ. 2022 నవంబరు తుదను చాట్‌జీపీటీ వెలువడినది మొదలు సాధారణపు వ్రాతను యంత్రమే వ్రాయుచున్నది. కూలి మరింత క్షీణించుటయు సహజము. ఇట్టి కాలమున తేలికపనికి పెద్దకూలి చూపువాడు అనుమానింపదగినవాడు. మంచి సంతలోనికిని దొంగలు వత్తురు. సంత విడిచి టెలిగ్రామునకో, వాట్సాపునకో రమ్మని పిలుచువాని వెంట పోరాదు.

శబ్దమనగా ఆప్తవాక్యము. ఆప్తుడెవడు? సంగతిని తానెరిగి, ఎరిగినది యెరిగినట్లు చెప్పు కోరిక గలవాడు. వెబ్‌సైటుననే అచ్చువేసిన పొగడ్తలు చెప్పినవాడు ఆప్తుడు కాడు. మనలను చేర్పించినచో తనకు వాటా వచ్చు స్నేహితుడును, బంధువైనను, ఈ విషయమున ఆప్తుడు కాడు. స్పీక్ ఏషియాలో చేరినవారిలో అనేకులు చేరినది బంధుమిత్రుల మాటవలననే. మంచి యింగ్లీషు మాటలాడువాడెల్ల నమ్మదగినవాడు కాడని మన సీమవాడే యగు గురజాడ అప్పారావుగారు గిరీశమును సృష్టించి చూపిరి; ఆ పాఠమును మనము నాటకశాలలో నవ్వి మరచితిమి.

న్యాయమైన పని యనునప్పుడు కూలి వచ్చునా రాదా యని మాత్రమే చూచుట చాలదు. కొన్ని వెబ్‌సైటులు చెప్పిన కూలి చెప్పినట్లిచ్చును. పని మాత్రము పరదేశపు విద్యార్థులు తమవిగా నొప్పగించుకొను వ్యాసములను వ్రాసిపెట్టుట. ఆస్ట్రేలియా 2020లోను, ఇంగ్లండు 2022లోను ఇట్టి వ్యాపారమును చట్టముచే నిషేధించినవి. కూలి సక్రమముగా వచ్చినంతనే పని సక్రమము కాదు. శాసనాంతమున లేఖకుడు తన పేరు వ్రాసికొనెను. మన పేరు వ్రాసికొనుటకు వెరవు కలుగు వ్రాతను కూలికైనను వ్రాయరాదు.

చట్టము మనకు విరోధి కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమునుబట్టి మోసముచే చేయించుకొన్న ఒడంబడికను మోసపడినవాడు రద్దుచేసికొనవచ్చును. ఒడంబడికలో వ్రాసిన జరిమానా యంతయు హక్కుగా రాదు, న్యాయసమ్మతమైన పరిహారమే వచ్చును. టైపులో తప్పులు దొరలినందుకు అరెస్టు చేయుదుమని ఫోనుచేయువాడు పోలీసు కాడు. విదేశపు కొలువులకు పంపు ఏజెంటునకు 1983 నాటి ఎమిగ్రేషను చట్టముక్రింద లైసెన్సు ఉండవలెను. అది చూపనివానికి పైసా యీయరాదు. సొమ్ము పోయినచో వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను; ఆ సొమ్ము ఖాతాలు దాటి పోకమునుపే ఆపుటకు గంటల యాలస్యము కూడ చేటు. 2019 ఆగస్టునుండి కేంద్రప్రభుత్వపు సైబరు ఫిర్యాదుల పోర్టలును పనిచేయుచున్నది.

కాని ఫిర్యాదు చేయువారెందరు? పరువు పోవునని తండ్రియు, తిట్లు పడునని కొడుకును, మగడెరుగునని భార్యయు నోరు మూసికొందురు. వంచకుని మూలధనము ఈ మౌనమే. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో వివేకవర్ధని స్థాపించి లంచగొండులను పేరుపెట్టి బయటపెట్టిన నాడు ఆంధ్రదేశమున చెడుగు కొంత వెనుదీసెను. ఆ పని యిప్పుడు పత్రికలదే కాదు. ప్రతి పాఠశాలదియు, ప్రతి గ్రంథాలయముదియు. పరీక్షలలో ఉత్తరములు వ్రాయ నేర్పుచున్న మేము, ప్రకటనను చదివి ప్రశ్నింపను నేర్పవలసియున్నాము. సంవత్సరమున కొక్కనాడు తరగతిలో నొక ఉద్యోగప్రకటన చదివించి, వ్రాయించువాడెవడు, చదువువాడెవడు, సొమ్ము ఎటునుండి ఎటు పోవుచున్నది అని మూడు ప్రశ్నలు వేయించినచో, లక్షన్నర తెచ్చుటకై తాకట్టు దుకాణమునకు పోవు తల్లులలో కొందరైన వాకిటనే నిలిచిపోవుదురు.